గోడ క్యాలెండరు – అక్షర ప్రమాణము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సమావేశమునందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మన సంఘము వచ్చు సంవత్సరమునకు ఒక పెద్ద గోడ క్యాలెండరును ప్రచురింప నిశ్చయించినది. శివకాశినుండి సిద్ధముగా వచ్చునవి చౌకగా దొరకుచుండగా ఈ శ్రమ యెందులకని కొందరు తల్లిదండ్రులు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న న్యాయమైనదే. బెంగుళూరునందు మన బాలుడు వీధిలో కన్నడమును, ఇంగ్లీషును చూచును. ఇంటిలో తెలుగు వినునే గాని చూడడు. పెక్కిండ్లలో వాని కంటబడు తెలుగు పుట గోడమీది క్యాలెండరొక్కటే. అందలి అక్షరములు చీమలబారువలె నున్నచో వాడు దానివంక చూడనే చూడడు. కావున బొమ్మ యేది, దాత యెవరు అను చర్చకు ముందు అక్షరమెంత యను చర్చ జరుగవలెనని మా అభిప్రాయము.

అక్షర ప్రమాణమును నిర్ణయింపవలసినది దూరము. కంటి వైద్యుని పలకను మీరందరును చూచియే యుందురు. 6 మీటర్లు, అనగా దాదాపు 20 అడుగుల దూరమున, సాధారణ దృష్టికి ప్రమాణముగా నుంచిన వరుసలో అక్షరపుటెత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. అది కన్ను చిట్లించి చదువు కొలత. శ్రమలేక చదువుటకు దానికి మూడింతలైన నుండవలెను. కావున హాలు ఆవలి కొననుండి కనబడవలసిన తేదీ అంకె అంగుళమెత్తుండుట యుక్తము. 3 అడుగుల దూరమున నిలిచి చదువుకొను తిథి నక్షత్రములకు 4 మిల్లీమీటర్లు చాలును.

ప్రెస్సువారు పాయింట్లలో లెక్కింతురు. పాయింటనగా అంగుళములో 72వ భాగము. అయినను 72 పాయింట్ల అంకె అంగుళమెత్తు రాదు. పైనను క్రిందను ఖాళీ పోగా అంకెకు దక్కునది పదింట ఏడు పాళ్లే. అంగుళము కావలెనన్న 100 పాయింట్లు అడుగవలెను. తెలుగక్షరమునకు ఈ తరుగు ఇంకను ఎక్కువ. పైన గుడి, ఏత్వము మొదలగువానికిని, క్రింద వత్తులకును చోటు విడువగా నడిమి అక్షరమునకు ఇంచుమించు సగము మిగులును. అందుచే తిథులకు 24 పాయింట్లు కావలెనని మేము పట్టుబట్టుచున్నాము. జ్యేష్ఠ, ఆర్ద్ర అను పేర్లను చిన్న అక్షరములలో వేయించి చూడుడు. వత్తులు సిరా ముద్దలగును. ద, ధ, థలకు భేదము ఒక చిన్న గీత, ఒక చుక్క. పెద్దలు అలవాటుచేత ఊహించి చదువుకొందురు. మూడవ తరగతి బాలుడు ఊహింపలేడు. రామభద్ర వంటి బొద్దు ఫాంటు నెల పేరునకు శోభనిచ్చును గాని తిథులకు పనికిరాదు. తేదీల వెనుక లేతరంగు బొమ్మ వేయుట కూడ మాకు నచ్చదు.

ఇక గడుల అమరిక. మన కాగితము 20 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల పొడవు. అంచులకు అంగుళము పోవును. వారములను అడ్డముగా వేసినచో ఏడు గడులలో ఒక్కొక్క దానికి వచ్చు వెడల్పు 2.7 అంగుళములు. ‘ఉత్తరాభాద్ర రా. 11-42 వరకు’ అనునది అందులో ఒక వరుసలో ఇమడదు. పాత పద్ధతిని వారములను ఎడమప్రక్క నిలువుగా వ్రాసి, ఆ పట్టీకి 2 అంగుళములు విడిచినను గడికి 3.4 అంగుళములు వచ్చును. మరియొక లాభము గలదు. రాహుకాలము వారమును బట్టి యుండును గనుక దానిని ప్రతి గడిలో వేయనక్కరలేదు. వారము పేరు క్రింద ఒక్కమారు వేసిన చాలును. అది బెంగుళూరు సూర్యోదయమును బట్టి గుణించినదై యుండవలెను. విజయవాడకును మనకును రేఖాంశములో దాదాపు 3 డిగ్రీల భేదము. ఆ ఒక్క భేదమునకే 12 నిమిషములు.

కొన్ని నెలలు అయిదు వరుసలలో ఇమడవు. ఉదాహరణకు 2026లో మే 31, ఆగస్టు 30, 31 తేదీలు మిగిలిపోవును. కొందరు రెండు తేదీలను ఒకే గడిలో ఇరికింతురు. మొదటి వరుస తలనున్న ఖాళీ గడులలో వేయుటయే మేలు.

కన్నడమునకు చోటు వలదనిన ఒక సభ్యుని మాటతో మేము ఏకీభవింపము. నెల పేరు, వారము, ప్రభుత్వ సెలవులు కన్నడమున గూడ నుండవలెను. నవంబరు 1వ తేదీ గడిని చూడుడు: 1956లో ఆనాడే ఇచ్చట విశాల మైసూరు రాష్ట్రమును, అచ్చట ఆంధ్రప్రదేశమును ఏర్పడినవి. ఆ గడిలో రెండు భాషలును సరిసమానమైన ఎత్తున నుండుట మర్యాద. ఆగస్టు 29 గడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతిని వేయించితిమి. తెలుగంకెను ప్రతి గడి మూలను చిన్నదిగా నుంచితిమి.

ఇంత చోటు ఎచ్చటనుండి వచ్చునన్న ప్రశ్న మిగిలినది. ఏడు వరుసలకు మూడేసి అంగుళముల చొప్పున 21, తలకట్టునకు, బొమ్మకు 6, దాతల పేర్లకు 2. దాతలు 5 అంగుళములు కోరిరి. వారి ఔదార్యమునకు మేము కృతజ్ఞులము. కాని ఆ 3 అంగుళములు తిథులనుండియే తీయవలసి వచ్చును. బొమ్మనుండి తీయుడని కార్యవర్గమునకు మనవి చేసితిమి.

ఒక నెల పుటను మూడు విధములుగా, అసలు పరిమాణముననే అచ్చొత్తించి వరండా గోడకు తగిలించితిమి. నేలపై 3 అడుగుల వద్దను, 20 అడుగుల వద్దను సుద్దగీతలున్నవి. మీతో వచ్చిన పెద్దలను, పిల్లలను ఆ గీతలపై నిలిపి చదివింపుడు. చదువలేకపోయిన మాటలను బల్లమీది చీటీలపై వ్రాసి, వెళ్లుటకు ముందు కార్యాలయమున ఇచ్చి పోవుడు.