మదరాసు పిల్ల కథ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసీ ముగియకముందే ఇంగ్లీషు నవలను గూర్చి ప్రసంగమేమిటని మీలో కొందరు అనుకోవచ్చును. నవల మంచిది, పైగా అందులోని నాయిక మదరాసులో పుట్టిన పిల్ల. అందుచేత రాయవేలూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాల ముందు ఈ మాట చెప్పవలెనని మాకు తోచినది.

ఎమ్మా డోనహ్యూ అనే రచయిత్రి ఐర్లండులో పుట్టి కెనడాలో స్థిరపడినది. 2023లో వెలువడిన ఆమె నవల పేరు ‘లెర్న్‌డ్ బై హార్ట్’. ‘కంఠస్థము’ అని మనము చెప్పుకోవచ్చును. అది ఇద్దరు ఆడపిల్లల ప్రేమకథ. సంభాషణలు కల్పితములేగాని మనుషులు కల్పితులు కారు. ఎలైజా రెయిన్ తండ్రి మదరాసులో కుంపిణీవారి వైద్యుడు, తల్లి ఈ దేశపు స్త్రీ. పసితనముననే ఆ పిల్లను ఇంగ్లండుకు పంపినారు. అక్కడ యార్కు పట్టణములోని బాలికల పాఠశాలలో ఆన్ లిస్టరు అనే సహాధ్యాయిని ఆమెకు తటస్థపడినది. ఇద్దరికీ ఇంటి కప్పు క్రింది గది ఒకటే ఇచ్చినారు. స్నేహము ప్రేమగా మారినది.

ఈ నవలలో మమ్ము ఆకట్టుకొన్నది మొదట ఎలైజా స్వభావము. ఒంటి రంగు నలుగురికీ కనబడుతుంది గనుక, తక్కినవేవీ కనబడకుండా ఒదిగి నడుచుకొనే పిల్ల ఆమె. పరాయి నేలమీద పిల్లలను పెంచిన మనకు ఆ ఒదుగుబాటు తెలియనిది కాదు. లిస్టరు ఇందుకు విరుద్ధము. నోరు గలది, చదువు గలది, కట్టుబాటును చూచి నవ్వగలది. ఆమె ప్రక్కన ఎలైజా తల యెత్తడము నేర్చుకొంటుంది. ఆ మార్పును రచయిత్రి తొందరపడక, ఒక్కొక్క దినము వంతున చూపినది.

రెండవది కథ నడిపిన తీరు. 1805, 1806 నాటి బడి ముచ్చట్ల నడుమ, 1815లో ఎలైజా వ్రాసినట్లుగా ఉత్తరములు వస్తాయి. అవి పిచ్చివారి వైద్యశాల నుండి వచ్చే ఉత్తరములు. శృంగారము చదువుతూ ఉండగానే విరహము తెలిసిపోతుంది. చరిత్రలోనూ ఎలైజాను 1814లో అటువంటి చోటనే చేర్చినారు. 1860లో చనిపోయేవరకు ఆమె పరుల సంరక్షణలోనే ఉన్నది.

1806 ఆగస్టు 11వ తేదీన ఎలైజా తమ ఇంటినుండి వెళ్లిపోయినదని లిస్టరు వ్రాసుకొన్నది. ఆమె దినచర్యకు అదే ఆరంభము. దానికి సుమారు ఒక నెల ముందు, జూలై 10న, మన వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినారు. ఆ దినచర్య పెరిగి సుమారు 50 లక్షల మాటలయినది. అందులో ఆరవ వంతు గ్రీకు అక్షరములు, అంకెలు కలిపిన రహస్య లిపి. స్త్రీలపై తన ప్రేమను ఆ లిపిలోనే ఆమె దాచుకొన్నది. హెలీనా విట్‌బ్రెడ్ అనే ఆమె అందులో కొంత భాగము చదివి 1988లో అచ్చు వేయించినది. దాచవలసి వచ్చిన ప్రేమలకు చరిత్ర పుటలలో చోటు తక్కువ. అందుకే అటువంటి కథలకు చారిత్రక నవల అవసరమవుతున్నది.

ఇది పడమటి దేశముల పోకడ, మన ఇండ్లకెందుకు అని పెద్దలు అనవచ్చును. తంజావూరులో ముద్దుపళని వ్రాసిన ‘రాధికా సాంత్వనము’ కథ వేరు. అయినా ఆడది తన కోరికను తానే చెప్పినదన్న కోపము దానిమీద కూడ వచ్చినది. బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని 1910లో అచ్చు వేయించగా మరుసటి ఏడే ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. పుస్తకమును దాచినంత మాత్రాన అందులోని మాట పోదని మన భాష ఆనాడే చూచినది.

ఇక మన ఊళ్ల మాట. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇటువంటి ప్రేమ నేరము కాదన్నది. 2021లో మదరాసు హైకోర్టు దీనిని జబ్బుగా ఎంచి ‘కుదర్చబోయే’ వైద్యమును నిషేధించినది. అయినా 2025 మే నెలలో అదే కోర్టుకు వేలూరు జిల్లా పోలీసు అధికారి ప్రతివాదిగా ఒక హెబియస్ కార్పస్ కేసు వచ్చినది. గుడియాత్తం పేరు కూడ అందులో వినబడినది. ఇరవై అయిదేండ్ల యువతిని ఇంటివారు నిర్బంధించినారని ఆమె స్నేహితురాలు ఫిర్యాదు చేసినది. తనను కొట్టినారనీ, మామూలు మనిషిని చేయాలని తంతులు జరిపించినారనీ ఆ యువతి కోర్టుకు చెప్పినది. కుటుంబమునకు పెండ్లి ఒక్కటే పునాది కాదని న్యాయమూర్తులు చెప్పి, ఆమెను తన ఇష్టము ప్రకారము పోనిచ్చినారు.

యార్కులో ఎలైజాకు అటువంటి కోర్టు లేకపోయినది. కానీ కోర్టుదాకా పోవలసిన అవసరమే ఏ ఆడపిల్లకూ కలుగకూడదు గదా! అమ్మలారా, అయ్యలారా, మీ అమ్మాయి దిండు క్రింద ఇటువంటి పుస్తకము కనబడితే లాగుకొనవద్దు. చదివిన తరువాత మాకూ ఇమ్మని అడగండి. ఇంగ్లీషు రానివారికి పిల్లలే రాత్రి భోజనాలయిన తరువాత కథ చెప్పవచ్చును. ఈ మదరాసు పిల్ల కథను ఎవరైనా తెలుగు చేస్తే మా ఆనందానికి మేర ఉండదు.