దద్దురు చెప్పిన సాక్ష్యం

అలర్జీ అనే మాటను 1906లో వియన్నా శిశువైద్యులు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించారు. తెలుగు ఇళ్లలోనైతే 'వంకాయ పడదు', 'చేప పడదు' అని ఒక్క క్రియతోనే ఆ సంగతి తేల్చేస్తారు. ఆ పడకపోవడానికి రక్తంలో కారణమయ్యే పదార్థమేదో కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్తలు కిమిషిగె, తెరుకో ఇషిజాకా దంపతుల పరిశోధనే ఈ అధ్యక్షోపన్యాసానికి విషయం.

వారికి ముందే కథలో సగం నడిచింది. 1878లో పాల్ ఎర్లిక్ తన డాక్టరేట్ వ్యాసంలో, అనిలీన్ రంగులు అద్దినప్పుడు లోపలి రేణువులు ప్రస్ఫుటమయ్యే కణాలను వర్ణించి, అవి బాగా మేసి బలిసినవని భావించి, మేపడమనే అర్థమున్న జర్మన్ మాటతో 'మాస్ట్' కణాలని పేరు పెట్టారు. ఆ ఊహ నిలవలేదు, పేరు నిలిచింది. కనుక తెలుగులో దాన్ని 'పోషక కణం' అని అనువదిస్తే ఎర్లిక్ పొరపాటును కూడా అనువదించినట్లే. రక్తనాళాలను వెడల్పు చేసి, వాటి గోడల నుంచి ద్రవం ఊరేలా చేసే హిస్టమిన్ ఈ రేణువుల్లోనే ఉంటుందని డండీలో జేమ్స్ రైలీ, జెఫ్రీ వెస్ట్ 1950ల తొలినాళ్లలో చూపారు. గాదె ఎక్కడుందో తెలిసింది గాని, దాని తలుపు తీసేదెవరో తెలియలేదు.

దానికి ఆనవాలు 1921లోనే దొరికింది. చేప పడని హైన్జ్ క్యూస్ట్నర్ సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే ద్రవాన్ని, కార్ల్ ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకొని, మర్నాడు అదే చోట చేప సారాన్ని సూదితో ఇచ్చుకోగా దద్దురు లేచింది. రోగి నుంచి మరొకరికి సంక్రమించగల ఈ అజ్ఞాత పదార్థానికి రీయాజిన్ అని పేరు వచ్చిందే తప్ప, దాదాపు నలభై అయిదేళ్లపాటు అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

1962లో డెన్వర్‌లోని, పిల్లల ఉబ్బసం మీద పనిచేసే సంస్థలో చేరిన ఇషిజాకా దంపతులు రాగ్‌వీడ్ పుప్పొడి పడనివారి సీరమ్‌ను పరీక్షకు తీసుకున్నారు. ఈ రాగ్‌వీడ్ మన పొలం గట్ల మీది వయ్యారిభామకు దగ్గరి చుట్టమే. రీయాజిన్ అంటే ఐజీఏ అనే యాంటీబాడీయేనని అప్పట్లో పలువురి నమ్మకం. ఐజీఏను తొలగించినా దద్దురు తెప్పించే శక్తి మిగిలే ఉండడంతో వారికి ఆ నమ్మకం సడలింది. సీరమ్‌లో రీయాజిన్ ఎక్కువగా ఉన్న అంశాన్ని కుందేళ్లకు ఎక్కించి, వాటిలో పుట్టిన యాంటీబాడీల నుంచి అప్పటికి తెలిసిన రకాలను పట్టేవాటన్నిటినీ వడగట్టి తీసివేయగా, చివరికి మిగిలినది రీయాజిన్‌ను మాత్రమే పట్టి అవక్షేపంగా దించింది. ఐజీజీ అనే యాంటీబాడీతో పోలిస్తే పదివేలలో ఒక వంతైనా లేని పదార్థమది. నాటి రసాయన పరీక్షలకు అందనిది. అందుకే వారు తమ చర్మాన్నే త్రాసు చేసుకొని, లేచిన దద్దురునుబట్టి ఏ అంశంలో రీయాజిన్ ఉన్నదో నిర్ణయించారు. 1966లో ప్రకటించిన ఈ కొత్త యాంటీబాడీ, ఉప్సలాలో జొహాన్సన్, బెన్నిక్ మైలోమా అనే క్యాన్సర్ ఉన్న ఒక రోగి రక్తంలో వేరుగా కనిపెట్టిన ప్రోటీన్ ఒకటేనని తేలాక, 1968లో దానికి ఐజీఈ అనే పేరు స్థిరపడింది.

కనిపెట్టిన కీర్తిలో తెరుకో పేరు రెండోదిగా వినబడడం న్యాయం కాదు. ఐజీఈ మాస్ట్ కణాన్ని అంటిపెట్టుకొని ఊరకే ఉంటుందని, పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలను ఏదైనా వస్తువు వంతెనలా కలిపినప్పుడే హిస్టమిన్ విడుదలవుతుందని తేల్చిన పరిశోధనలో ఆమెది సమాన భాగం. ఐజీఈని పట్టే ఆ కుందేలు యాంటీబాడీలో రెండు చేతులున్న ముక్క చర్మంలో దద్దురు తెప్పించింది. ఒంటి చేతి ముక్క తెప్పించలేదు. తలుపు తీసేది పుప్పొడిలోని విషమేమీ కాదు, ఆ కలపడమేనన్నమాట.

2003లో అమెరికాలో అనుమతి పొందిన ఓమాలిజుమాబ్ అనే ఉబ్బసం మందు కూడా కుందేలు యాంటీబాడీలాగే ఐజీఈని పట్టేదే. అయితే ఐజీఈ కణాన్ని పట్టుకునే భాగాన్నే అది ముందుగా ఆక్రమిస్తుంది కనుక, కణం మీద అప్పటికే కూర్చున్న ఐజీఈని తాకలేదు, వంతెన కట్టలేదు. దద్దురు తెప్పించిన ఉపాయమే, పట్టే చోటు మారగానే, దద్దురును ఆపేదైంది.