గాలానికి చవకైన రీలు

ట్రౌట్ చల్లని నీటి చేప కాబట్టి కాశ్మీరు, హిమాచల్, నీలగిరి వాగుల్లో బతుకుతుంది గాని, ఎండలకు కాగిపోయే ఖమ్మం చెరువుల్లోనూ భద్రాచలం గోదావరిలోనూ బతకదు. ఇక్కడ గాలానికి పడేవి తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను, వాలుగ, జెల్ల.

ఈగను పోలిన ఎరతో చిన్న ట్రౌట్‌ను పట్టేటప్పుడు రీలు ముఖ్యంగా దారం చుట్టి ఉంచే చక్రమే కాబట్టి చవకదైనా సరిపోతుంది. బరువైన వాలుగకు మాత్రం దారం చుట్టే చక్రం ఒక్కటే చాలదు, దారాన్ని అదుపుగా వదిలే ఏర్పాటూ కావాలి. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలే బిగింపును డ్రాగ్ అంటారు, చవక రీలులో మొదట పరీక్షించవలసింది దీన్నే. దుకాణంలోనే దారం కొస పట్టి లాగినప్పుడు అది కుదుపు లేకుండా సాగాలి. కుదుపుతో సాగే రీలు, ఎంత మెరిసినా, కొనదగినది కాదు. పెట్టెమీద ఘనంగా అచ్చువేసే బేరింగుల సంఖ్యకు అంత విలువ లేదు. ముందు డ్రాగ్, తరువాతే ధర.

చెరువు గట్టున కొర్రమీనుకైతే వెదురు కర్ర, గట్టి దారం, చేపపిల్ల ఎర చాలు, అసలు రీలే అక్కరలేదు. అయితే అన్నిచోట్లా గాలం వేయడానికి వీల్లేదు. కిన్నెరసాని జలాశయం వన్యప్రాణి అభయారణ్యంలో ఉన్నందున అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం వేయకూడదు. పైగా అది మొసళ్లున్న నీరు.