రోడ్డు ప్రక్కన నలిగిన కారు

పెదకూరపాడు ప్రాంతమున పత్తి తీత ముమ్మరముగా సాగుచున్న దినములవి. రైతులతో సంభాషణలు రికార్డు చేయుటకై మేము అమరావతి మీదుగా ఆ ఊరికి పోవుచుంటిమి. ఉదయము ఆరు గంటలు దాటినది. మంచు ఇంకను విడలేదు. నల్లరేగడి చేల నడుమ రోడ్డు వంపు తిరుగు చోట ఒక కారు తుమ్మచెట్టును గ్రుద్దుకొని, ముందు భాగము నలిగి, సగము రోడ్డు అంచున, సగము పత్తిచేనిలో ఒరిగి యుండెను. మా బండి వేగము తగ్గినది. లోపల మనుష్యులెవ్వరును కనబడలేదు. "ఎప్పటిదో అయి యుండును. పోలీసులకు తెలిసియే యుండును" అని మాలో ఒకరనిరి. తక్కినవారమందరమును తలలూపితిమి. బండి ముందునకు సాగెను.

ఆ తలలూపుటను గూర్చియే నేటి ప్రసంగము.

అర కిలోమీటరు పోయిన పిమ్మట మాకు సిగ్గు కలిగినది. అది ఎప్పటిదో అని మాకెట్లు తెలియును? పోలీసులకు తెలిసినదని మాకెవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. ఆలస్యమగునేమో అన్న మా తొందర ఆ రెండు వాక్యములను కల్పించినది. మాకవి సుఖముగా నుండుటచే నిజములని నమ్మితిమి. బండిని వెనుకకు త్రిప్పించితిమి.

మా డ్రైవరు దిగి బోనెట్టుపై చేయి ఉంచి చూచెను. ఆ చలిలో గూడ ఇనుము ఇంకను కొంచెము వెచ్చగానే యున్నదట. ముందు సీట్ల యెదుట ఎయిర్‌బ్యాగులు తెరచుకొని వ్రేలాడుచున్నవి. స్టీరింగు మీద నెత్తురు మరక. వెనుక సీటు క్రింద ఒక చిన్న చెప్పు, నాలుగైదేండ్ల పాప తొడుగునది, ఒంటిగా పడియున్నది. దానిని చూచిన తరువాత మాలో ఎవరికిని కొంతసేపు మాట రాలేదు.

అప్పటికి పత్తి తీతకు పోవు ఆడవారితో నిండిన ఆటో ఒకటి వచ్చి ఆగినది. ప్రక్క చేనినుండి ఒక పెద్దాయన తువ్వాలు తలకు చుట్టుకొని వచ్చెను. మేము ఫోను తీయుట చూచి ఆయన దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను: "మీకెందుకు బాబూ ఈ తగాదా? మీరు ఊరుగాని ఊరోళ్ళు. మా బావమరిది ఇట్టాగే చెప్పబోయి రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు. చెప్పినోడే గుద్దాడంటారు." ఆయన మాటలో కపటము లేదు. మా మేలు కోరియే చెప్పెను. ఆయన చెప్పినది అసత్యమని మేమనలేము. అట్టి బాధలు పడినవారిని మేమును ఎరుగుదుము.

అంతలో ఆటోనుండి దిగిన ఒక నడివయస్సు స్త్రీ కారులోనికి తొంగి చూచి, "అది పసిదాని చెప్పు. పిల్ల చేలో పడుందేమో, రండే వెతుకుదాం" అని మా సమాధానమునకు ఎదురుచూడక సాలులలోనికి దిగినది. తక్కిన ఆడవారును దిగిరి. పత్తిచెట్టు రొమ్మెత్తు పెరిగినప్పుడు రెండు బారల దూరముననున్న పసిబిడ్డ కూడ కనబడదు. మేము 112కు ఫోను చేసితిమి. "మీరెక్కడ నున్నారు?" అని అడిగిరి. ఏ ఊరి పొలిమేరయో మాకు తెలియదు. పెద్దాయనయే ఊరి పేరు, సమీపపు కాలువ తూము గుర్తు చెప్పెను. అంతవరకు వద్దన్న మనిషి ఫోను తన చేతికి తీసుకొని దారి కూడ చెప్పెను.

దాదాపు నలుబది నిమిషములు ఆ చేనిలో వెదకితిమి. కారు ఎగిరి పడిన దిక్కు ఏదైయుండును, భయపడిన బిడ్డ ఎటు నడచును, కాలువలో నీరెంత యున్నది అని ఒక్కొక్క ఆలోచనయు వెనుకటిదానికంటె అధికముగా బాధించినది. అందరికంటె ముందు దిగిన ఆ తల్లి ప్రతి సాలు చివరను ఆగి, "అమ్మా, అమ్మా" అని పిలుచుచుండెను. పిల్ల పేరు తెలియదు గదా! మంచుకు తడిసిన ఆకులు మా బట్టలను మోకాళ్ళవరకు నానబెట్టినవి.

పోలీసులు వచ్చిన పది నిమిషములలో సంగతి తేలినది. దగ్గరి పట్టణపు ఆసుపత్రిలో తెల్లవారకముందే ముగ్గురిని చేర్చినారట. తండ్రికి భుజపుటెముక విరిగినది, తల్లికి నుదుట గాయము, పాపకు గీతలు తప్ప ఏమియు లేదు. ఎవరో ఆటో అతడు వారిని తెచ్చి, ఆసుపత్రి గుమ్మమున దింపి, పేరు కూడ చెప్పక వెళ్ళిపోయెనట. కానిస్టేబులు ఈ మాట చెప్పగనే ఆ తల్లి చేనిగట్టుపై చతికిలబడి నవ్వినది. వెంటనే లేచి, "పదండే, పొద్దెక్కింది" అన్నది. పత్తి తీతకు కూలి కిలోల లెక్కన ఇత్తురు. నలుబది నిమిషములనగా వారికి ఎన్ని కిలోలో, ఎన్ని రూపాయలో మేము లెక్క వేయలేదు. వారును వేయలేదు.

ఆ ఆటో అతనిని గూర్చి ఆలోచింపుడు. ఆ చీకటిలో ఆగి, ముగ్గురిని ఎక్కించుకొని, ఆసుపత్రికి చేర్చినాడు. ఇంతకంటె ఏమి చేయవలెను? ఒక్కటే మిగిలినది: "ఫలానా చోట కారున్నది, మనుష్యులందరును ఇక్కడ నున్నారు" అని పోలీసులకు ఒక్క ఫోను. అది చేసియున్నచో మేమెవ్వరమును ఆ చేనిలో దిగియుండనక్కరలేదు. అతడు మరచిపోలేదు, భయపడినాడు. పెద్దాయనను వద్దనిపించిన భయము, అతనిని గుమ్మమునుండి పంపివేసిన భయము, రెండును ఒక్కటే.

ఆ భయమునకు నేడు చట్టములో ఎంత చోటున్నది? మొదట ఒక సంగతి ఒప్పుకొనవలెను. దారిన పోవు మనిషి నలిగిన కారును చూచి ఊరకుండినంత మాత్రమున మనదేశమున అతనికి శిక్ష లేదు. హత్య, దోపిడి మొదలగు కొన్ని ఘోరనేరములు ఎరిగినవారు వానిని తెలుపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 33వ సెక్షను చెప్పుచున్నది. ఆ పట్టికలో మామూలు రోడ్డు ప్రమాదము లేదు. జర్మనీ, ఫ్రాన్సు దేశములలో ఆపదలోనున్నవానికి చేతనైన సాయము చేయక పోవుట నేరము. మనకడ భారము డ్రైవరుపై నుంచబడినది. గాయపడినవారికి వైద్యము చేయించవలెననియు, ప్రమాదమును 24 గంటలలోగా పోలీసుస్టేషనులో తెలుపవలెననియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను అతనిని శాసించుచున్నది. కాని ఆ డ్రైవరే స్పృహ తప్పి చేనిలో పడియున్నచో? అప్పుడు చెప్పవలసినవాడు చెప్పలేడు; చెప్పగలవానిని చట్టము అడుగదు. మేము తలలూపి సాగిపోయినది సరిగా ఆ సందులోనుండియే.

ఇక చెప్పినవానికి కష్టము కలుగునా? ప్రమాదమును పోలీసులకు ఫోనుద్వారా తెలిపినవానిని పేరు చెప్పుమని నిర్బంధింపరాదని కేంద్రప్రభుత్వము 2015 మే నెలలో మార్గదర్శక సూత్రములు వెలువరించినది. సేవ్‌లైఫ్ ఫౌండేషను అను సంస్థ వేసిన దావాలో సుప్రీంకోర్టు 2016 మార్చి 30న వానికి చట్టబలము కల్పించినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134-ఏ సెక్షను చేర్చిరి. సదుద్దేశముతో గాయపడినవానికి సాయపడిన మనిషిపై, ఆ సాయములో పొరపాటు జరిగినను, సివిలుగా గాని క్రిమినలుగా గాని బాధ్యత మోపరాదు. 2020 సెప్టెంబరునాటి నియమముల ప్రకారము అతడు తనంత తాను ఒప్పుకొన్ననే సాక్షి యగును. ఆసుపత్రుల సంగతి ఇంకను పాతది. పోలీసు వ్యవహారము తేలువరకు వైద్యము ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తీర్పిచ్చినది.

ఇన్ని ఏండ్లుగా ఇన్ని మాటలు పుస్తకములకెక్కినను, వానిలో ఒక్కటియు ఆ పెద్దాయన చెవికి సోకలేదు. ఆయన బావమరిది కథ మాత్రము ఊరంతయు ఎరుగును. ఇందులో మా రేడియోవారి తప్పును కొంత కలదు. గులాబిరంగు కాయతొలుచు పురుగును గూర్చి ఎన్ని ప్రసంగములు చేసితిమో! దీనిని గూర్చి ఎన్ని చేసితిమి?

పూర్వము పల్లెలో ఈ చిక్కు ఇంతగా లేదు. రోడ్డుపై బండి బోల్తాపడి యున్నను, ఊరుగాని మనిషి చింతచెట్టు క్రింద పడియున్నను, చూచినవాడు పోలీసుస్టేషనుకు పోనక్కరలేదు. మునసబుగారితోనో తలారితోనో చెప్పినచో చాలును. పై వారికి తెలుపుట మునసబు పని, కాపలా కాయుట తలారి పని. చెప్పినవాడు తన నాగలి తాను పట్టుకొని పోయెడివాడు. మునసబులందరును ధర్మరాజులని మేమనుట లేదు. పల్నాటి పల్లెలు వారి పెత్తనమును చవిచూచినవే. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మునసబు, కరణముల పదవులను రద్దు చేసినది. పెత్తనముతో పాటు ఊరికి, స్టేషనుకు నడుమనున్న ఆ పరిచితమైన గడపయు పోయినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు వచ్చినవి గాని, వేకువజాము ఆరు గంటలకు వాని తలుపులు తెరచియుండవు. మిగిలినది చేతిలోని ఫోను.

చెప్పుటకు మనిషియే లేని చోట ఏమగునో 2020లో కరీంనగరు దగ్గర చూచితిమి. ఆ ఫిబ్రవరిలో అలుగునూరు వద్ద మోటారు సైకిలుపై పోవుచున్న దంపతులు కాకతీయ కాలువలో పడిరి. భార్యను వెదకుటకై నీరు తగ్గింపగా, కాలువ అడుగున ఎవరును ఎరుగని ఒక కారు బయటపడినది. అందులో మూడు శవములున్నవి. ఆ కుటుంబము కనబడక సుమారు మూడు వారములైనది. వారు ఎచటికో ప్రయాణమై పోయినారని బంధువులు తలంచిరట. ఆ మూడు వారములును గట్టు మీదుగా బండ్లు పోవుచునే యున్నవి. నీటి అడుగుననున్నది చూడలేకపోయిన వారిని మేము తప్పుపట్టము. గట్టుపైనున్న కారును కన్నులతో చూచిన మాకు మాత్రము ఆ సాకు లేదు.

సాగరు కాలువలు పారు ప్రాంతమున ఇది మరి ముఖ్యము. ఏ తెల్లవారుననైన గట్టుపై గడ్డి ఒరసికొని పోయిన చక్రముల జాడ, విరిగిన రాళ్ళు కనబడినచో, కారు కనబడకున్నను చెప్పవలెను.

చెప్పునప్పుడు స్థలము ముఖ్యము. రోడ్డు ప్రక్క కిలోమీటరు రాయిపైనున్న అంకె, కాలువ తూము, రైలుగేటు, ఏదైనను సరియే. నంబరు పలక కనబడినచో చదివి చెప్పవలెను. గాయపడినవారున్నచో 108కి గూడ చెప్పవచ్చును. 2005లో ఈ సేవ మొట్టమొదట ఆరంభమైనది మన రాష్ట్రముననే. లోపల ఎవరును లేకున్నను చుట్టుప్రక్కల ఒకసారి పిలిచి చూడవలెను. పెట్రోలు వాసన వచ్చుచున్నచో బీడీ ముట్టింపక దూరముగా నిలువవలెను. బ్రతికినవారిని బయటికి తీయవలసి వచ్చిననే తప్ప ఏమియు కదపరాదు. ట్రాక్టరుతో లాగి ప్రక్కన బెట్టుట సాయముగా తోచును గాని, ఎట్లు జరిగినదో చెప్పు జాడలన్నియు దానితో చెరగిపోవును. ఫొటో తీసి వాట్సాపులో పదిమందికి పంపినంత మాత్రమున పోలీసులకు చెప్పినట్లు కాదు. ఆ పదిమందియు మావలెనే తలలూపుదురు.

దుమ్ము పట్టి, టైర్లలో గాలి పోయి, రోజులనుండి నిలిచియున్న కారు సంగతి వేరు. దానికై తెల్లవారుజామున 112ను పిలువనక్కరలేదు. స్టేషనులో నింపాదిగా చెప్పవచ్చును. పది గంటలకు మించి బహిరంగస్థలమున విడిచిపెట్టిన వాహనమును తొలగింపించుటకు 127వ సెక్షను పోలీసులకు అధికారమిచ్చుచున్నది. అది దొంగిలింపబడినదో, గంజాయి మోసినవారు పట్టుబడుదుమని విడిచిపోయినదో మనకేమి తెలియును? తేల్చుట మన పని కాదు.

"ఇది మా హద్దు కాదు" అని స్టేషనులో త్రిప్పి పంపుదురేమో అని కొందరి సందేహము. నేరము జరిగినదన్న సమాచారమును, అది ఏ హద్దులో జరిగినను, ఏ స్టేషనులోనైనను ఈయవచ్చునని కొత్త సంహిత 173వ సెక్షనులో స్పష్టముగా నున్నది. అయినను అట్లు త్రిప్పి పంపువారు ఉండరని మేము హామీ ఈయలేము. ఉన్నచో, ఈ సెక్షను అంకె గుర్తుంచుకొని అడుగుడు.

ఆనాడు మా రికార్డింగు రెండు గంటలు ఆలస్యమైనది. సాయంకాలము అదే దారిని తిరిగి వచ్చుచుంటిమి. కారు ఇంకను అక్కడనే యున్నది. లాగు బండి మరునాడు వచ్చునట. వంపుకు కొంచెము ముందుగా, చీకటిలో వచ్చువారికి కనబడునట్లు, ఎవరో రోడ్డు అంచున తుమ్మకొమ్మ నాటి, దానికొక ఎర్రగుడ్డ కట్టియుండిరి. అది తలకు చుట్టుకొను తువ్వాలు ముక్క.