నేరం పుట్టుకతో వస్తుందా?

శిక్ష ఎందుకు వెయ్యాలి? న్యాయశాస్త్రం చెప్పే ఆచార్యులు ఉద్యోగ జీవితమంతా తర్కించే ప్రశ్న ఇది. చేసిన తప్పుకు ప్రతిఫలమని కొందరు, మిగతావాళ్లకు భయం పెట్టడానికని కొందరు, మనిషిని మార్చడానికని ఇంకొందరు అంటారు. వాదం ఏదైనా, ముందు నేరం జరగాలి కదా!

బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఆ వరుస తలకిందులైంది. 1910ల్లో, కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన బ్రిటిష్ వాళ్ల నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల తెగ కుటుంబాలను అక్కడ చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. చట్టం ప్రకారం వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. అనుమతి చీటీ లేకుండా ఊరు దాటితే అదే నేరం. దగ్గర్లోని చీరాల పొగాకు కంపెనీకేమో కూలీలు కావాలి. సంస్కరణ మాటున చవక కూలి ఎలా సమకూరిందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పరిశోధనలో చూపించారు. ఆ లెక్కన అక్కడ శిక్ష పడింది చేసిన తప్పుకు కాదు, పుట్టుకకు.

1952 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అనుమానం మాత్రం పోలేదు. ఊరి పేరు చెబితే చాలు, పోలీసులు ఎగాదిగా చూసేవారు. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, హేమలత దంపతులు ఆ ఊరికి వెళ్లారు. ఆయన ఆ కేంద్రాన్ని స్థాపించిన గోరా కొడుకు, ఆమె దళిత మహాకవి జాషువా కూతురు. కులం పేరిట అవమానం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. నేరాలు మానినవాళ్లకు బతుకుతెరువు, పిల్లలకు చదువు అన్నవే వాళ్లు పట్టుకున్న దారి.

సరిగ్గా ఆ దశాబ్దంలోనే, 1977లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక మోసం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి కృష్ణయ్యర్ కూడా శిక్షకు గురి మనిషిని బాగుచెయ్యడమేనని తీర్పు రాశారు.