పిలిస్తేనే డోలు పలుకుతది
(మందమర్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు సకిని రామచంద్రయ్య గారిని యాది చేసుకుందాం. ఆయనది కూడా మనలాగే బొగ్గు నేలే. మణుగూరు దగ్గరి కూనవరం. కోయలకు డోలీలు పాటగాళ్లు. ఎవరిది ఏ గట్టు, ఎవరి వేల్పు ఏది అన్నది వాళ్ల నోట్లోనే ఉంటది. రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క, సారలమ్మల కథను కోయ భాషలో, తెలుగులో పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు కిన్నెర మొగులయ్య గారికీ వచ్చింది. 2024 జూన్‌లో రామచంద్రయ్య గారు మనల్ని విడిచిపోయారు.

అవార్డు ఒక్క మనిషికి వచ్చింది. పాట మాత్రం జాతి మొత్తానిది. మన దిక్కున గోండుల కథలను కీక్రి మీద చెప్పే తోటీలు, పర్ధాన్లు కూడా ఇట్లాంటి వాళ్లే.

ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోవడం మంచిదే. కానీ దాంతోనే పాట బతకదు. పెండ్లికి, దినాలకు, వేల్పు కొలుపుకు పిలుపు ఉండాలె. మనం డీజేకు వేలు పోస్తున్నం. డోలు కొట్టేటాయనకు బియ్యం, బట్ట పెట్టడానికి వెనుకాడుతున్నం. పిలుపు లేని పని కొడుకు ఎందుకు నేర్చుకుంటడు?

అందుకే ఒక్క మాట అడుగుతున్న. మీ ఇంట్లో జరిగే వచ్చే శుభకార్యానికి మొదటి పిలుపు మన పాటగాళ్లకే పోవాలె. అదే రామచంద్రయ్య గారికి మనం ఇచ్చే నివాళి.

జై ఆదివాసీ!