ఊరంతటికీ ఒకే పుస్తకము

పుస్తకపఠనము సాధారణముగా ఏకాంతములో జరిగే పని. చదివినవారు మెచ్చుకొన్నా, మండిపడినా అది వారి మనస్సులోనే ముగిసిపోవును. అట్లుగాక ఒక ప్రాంతములోని వారందరు ఒకే గ్రంథమును ఒకే కాలములో చదివితే ఏమగును? 1998లో అమెరికాలోని సియాటిల్ నగరమున నాన్సీ పెర్ల్ అనే గ్రంథాలయాధికారిణి ఈ ప్రశ్నను ఆచరణలో పెట్టి చూచినారు. రసెల్ బ్యాంక్స్ నవల నొకదానిని నగరవాసులందరు చదివి చర్చించవలెనని ఆహ్వానించినారు. ఆ పద్ధతి త్వరలోనే ఇతర నగరములకు వ్యాపించినది. తరువాత విశ్వవిద్యాలయములు కూడ దానిని చేపట్టినవి.

విశ్వవిద్యాలయము పూనుకొన్నప్పుడు చిక్కు ఒకటి కలదు. అక్కడివారు బోధించుటకు అలవాటుపడినవారు. వారు ఎన్నుకొన్న పుస్తకము చుట్టుపట్ల ప్రజలకు ఆహ్వానముగా తోచునా, పాఠముగా తోచునా? ఈ విషయములో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు అనుభవము గమనింపదగినది.

రాష్ట్రపు ఎల్లలే విశ్వవిద్యాలయపు ఎల్లలు అన్న భావన అక్కడ 20వ శతాబ్ది ఆరంభము నుండి ఉన్నది. దానికి తగినట్లు 2009లో మాడిసన్ నగరములో ‘గో బిగ్ రీడ్’ అనే సామూహిక పఠనము ప్రారంభమైనది. ఎన్నికకు పుస్తకముల పేర్లను ప్రజలు కూడ సూచించుటకు వీలుండెను. తుది నిర్ణయము విశ్వవిద్యాలయాధిపతిదిగా ఉండెను. క్రొత్తగా చేరిన విద్యార్థులకు ప్రతులను ఉచితముగా పంచినారు. ఆచార్యులు తరగతులలో చర్చకు పెట్టినారు. పౌర గ్రంథాలయములలో గోష్ఠులు జరిగినవి.

మొదటి సంవత్సరమే పరీక్ష ఎదురైనది. ఎన్నుకొన్న గ్రంథము మైకేల్ పోలన్ వ్రాసిన ‘ఇన్ డిఫెన్స్ ఆఫ్ ఫుడ్’. కర్మాగారములలో తయారయ్యే ఆహారమును, దానికి మూలమైన సేద్యపద్ధతులను అది విమర్శించును. విస్కాన్సిన్ పాడికి పేరుపొందిన రాష్ట్రము. తమ వృత్తినే తప్పుపట్టుచున్నారని రైతులు పలువురు నొచ్చుకొన్నారు. ఆ సెప్టెంబరులో గ్రంథకర్త ఉపన్యాసమునకు వేలాది జనము వచ్చినారు. రైతులు సభను బహిష్కరించలేదు. వ్యవసాయమును సమర్థించే నినాదము ముద్రించిన ఆకుపచ్చ చొక్కాలు తొడుగుకొని వచ్చి కూర్చున్నారు. విమర్శించినవాడును, విమర్శకు గురియైనవారును ఒకే కప్పు క్రింద చేరినారు. ఈ పఠనోద్యమము సాధించిన మేలు ఇదేనని నా అభిప్రాయము. అందరు ఏకీభవించుట దాని లక్ష్యము కారాదు.

ఆ విద్యాపీఠము తనను ప్రశ్నించే గ్రంథములకు కూడ వెనుదీయలేదు. 2010లో ఎన్నుకొన్న రెబెక్కా స్క్లూట్ గ్రంథము హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కథ. 1951లో బాల్టిమోర్ వైద్యశాలలో ఆమె అనుమతి లేకుండ తీసిన కణములు లోకమంతటా పరిశోధనాలయములకు చేరినవి. ప్రయోగశాలలకు నిలయమైన చోటనే ఆ చర్చ జరిగినది. 2016లో ఎన్నుకొన్న ‘ఎవిక్టెడ్’ అదే రాష్ట్రములోని మిల్వాకీ నగరమున అద్దె చెల్లింపలేక ఇల్లు కోల్పోయిన కుటుంబముల గాథ. దాని రచయిత మాథ్యూ డెస్మండ్ ఆ విశ్వవిద్యాలయములోనే పరిశోధించి పట్టము పొందినవారు.

గ్రంథమును జనుల ముంగిటికి చేర్చుట మన తెలుగువారికి క్రొత్త కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపించినారు. ఆనాడు పుస్తకము పాఠకుని వెదకుకొంటూ వెళ్లినది. ఇక పాఠకుని జవాబు విద్యాపీఠమునకు చేరవలసియున్నది.

మన విశ్వవిద్యాలయ మొకటి 1922 నాటి ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని తన చుట్టుపట్ల గ్రామములతో కలిసి చదువ సంకల్పించినదనుకొందము. ప్రతులు పంచుట సులభము. ఉపన్యాసములు ఏర్పాటు చేయుట అంతకంటె సులభము. మొదటి గోష్ఠి ఏ వాడలో జరుగవలెను, అందులో మొదట ఎవరు మాటలాడవలెను అన్నవి కష్టమైన ప్రశ్నలు. ఆచార్యులు ఆనాడు వేదిక దిగి శ్రోతలలో కూర్చుండగలిగితే, ఆ పుస్తకమును ఊరంతా చదివినట్లే.